గడప దగ్గరి గొంతు

పుట్టమ్మ నోట రోజుకు నూటపదకొండు సార్లు వచ్చే మాట ఒకటుంది: "కాళ్ళు కడుక్కొని రా." ఈ లెక్క కట్టింది ఆమె మనవరాలు నయన. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది, పరీక్షలకు చదువుకోమని కాలేజీ వాళ్ళు పదిహేను రోజులు సెలవిస్తే ఇంటికొచ్చి ఒక రోజంతా పుస్తకం తెరవకుండా అవ్వ మాటలు లెక్కపెట్టింది.

పుట్టమ్మను తప్పు పట్టడానికి లేదు. మురుగమల్లకు పోయే దారిలో ఉన్న ఆ ఊళ్ళో అందరూ పట్టుపురుగులు మేపేవాళ్ళే. వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో ముందర ఆకుల గది, లోపల పురుగుల గది. బయటి మట్టి ఒక్క పాదానికి అంటుకొని లోపలికి పోతే చాలు, పురుగులకు రోగం తగులుతుంది, నెల కష్టం నేలపాలు. అందుకే గడప పక్కన బ్లీచింగ్ నీళ్ళ తొట్టి. తొట్టి పక్కన పుట్టమ్మ. ఎండైనా వానైనా ఆమె అక్కడే.

"నువ్వు సుమ్నే, ఊరికే కూర్చో అవ్వా," అంది నయన. "నీ పని మిషను చేస్తాది."

పాత సబ్బుపెట్టెకు రెండు బొక్కలు పెట్టి, వాటిలోంచి వెండి రంగు గుండ్లు రెండు బయటికి చూసేట్టు ఏదో బిగించింది. చూస్తే గుడ్లగూబ పిల్ల ముఖంలా ఉంది. దాన్ని ఆకుల గది గడప పక్కన, మోకాలెత్తున కొట్టింది.

"ఈ కండ్లేందే?"

"అవి కండ్లు కాదవ్వా. ఒగటి నోరు, ఒగటి చెవి. నోరు శబ్దం పంపిస్తాది. అది వచ్చే మనిషికి తగిలి ఎనక్కి వస్తే చెవి పట్టుకుంటాది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో లెక్కేసి, మనిషి ఎంత దూరంలో ఉండేదీ చెప్తాది. మూడడుగుల లోపలికి వస్తే నీ గొంతు పలుకుతాది."

పుట్టమ్మ సబ్బుపెట్టె దగ్గరికి చెవి పెట్టింది. "ఏం శబ్దమూ లేదే."

"మనిషికి వినపడదు. అంత సన్నని శబ్దం."

"వినపడనిది శబ్దమెట్లయితాదే?" అంది పుట్టమ్మ. దానికి నయన నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు తర్వాత ఆ పిల్లే సిగ్గుపడాల్సి వచ్చింది.

అవ్వ గొంతు ఫోనులో రికార్డు చేయడం ఒక పెద్ద పని అయింది. పుట్టమ్మ బడికి పోలేదు. విత్తనాల సంచుల మీద, సబ్బు కాగితాల మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కొని తనంతట తానే చదువు నేర్చింది. అందుకని అచ్చులో ఉండే మాట మీద ఆమెకు గౌరవం ఎక్కువ. నయన ఫోను ముందు పెట్టగానే కొంగు సర్దుకొని, గొంతు సవరించుకొని, "లోపలికి వచ్చువారు దయచేసి తమ పాదములను శుభ్రపరచుకొనవలెను," అంది.

"అట్ల కాదవ్వా. దినమూ అన్నట్ల అను."

"దినమూ అన్నట్లంటే ఎట్ల?"

నాలుగు సార్లు చెప్పించినా పాదములు కాళ్ళు కాలేదు. ఇంతలో పక్కింటి పిళ్ళప్ప మల్బరీ ఆకు పెంచే హిప్పుతోట బురదంతా కాళ్ళకు పూసుకొని తిన్నగా గడప వైపు నడిచొచ్చాడు. "కాళ్ళు కడుక్కొని రా!" అని పుట్టమ్మ ఇంటి కప్పు ఎగిరేలా అరిచింది. నయన ఫోను నొక్కి, "అంతే, దొరికింది," అంది.

రెండు రోజులు ఊరికి అదే ఆట. పిళ్ళప్ప పని లేకపోయినా వచ్చి మూడడుగుల దగ్గర ఒక కాలు ముందుకు పెట్టి, మిషను అరవగానే వెనక్కి తీసేవాడు. "ఒగ వదినకే నాకు చెవులు చాల్లేదు, ఇప్పుడు ఇద్దురైనారు," అనేవాడు.

మూడో రోజు పొద్దున బూది పోయింది.

బూది ఆ ఇంటి పిల్లి. బూడిద రంగు ఒళ్ళు, తెల్ల పాదాలు. పన్నెండు రోజుల కిందట ఆకుల గది మూలలో, పాత వెదురు గంపలో నాలుగు పిల్లలను పెట్టింది. పుట్టమ్మ పాల గిన్నెతో పోయి చూస్తే గంప ఖాళీ. చేత్తో తడిమి చూసింది. వెచ్చదనం కూడా లేదు.

బూది లేకుంటే ఆ ఇంటికి ఇబ్బంది మామూలుది కాదు. పురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే కుబుసం విడవడానికి మేత మానేసి పడుకోవడం. నాలుగోసారి లేచిన పురుగులు చిటికెనవేలంత లావై, చూస్తుండగానే ఆకంతా మేస్తాయి. ఎలుకలకు వాటికంటే రుచి ఇంకోటి లేదు. ఇంకో ఆరు రోజుల్లో పురుగులు పండుతాయి, చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కి గూళ్ళు కడతాయి. ఆ ఆరు రోజులు కాపలా ఉండవలసింది బూదే.

పిల్లి ఎక్కడికి పోయిందో వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. పిళ్ళప్ప ఇంటి కట్టెల అటక మీది నుంచి సన్నగా అరుపులు వినిపించాయి.

"పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతాది గదా వదినా," అన్నాడు పిళ్ళప్ప, తన అటకకు వచ్చిన మర్యాదకు మురిసిపోతూ. "మీది ఒగటి, మాది రెండు. ఇంగ అయిదిండ్లుండాయి. అన్నీ తిరిగి మీ ఇంటికే వస్తాది. నువ్వు దిగులు పడొద్దు."

ఈ మాటకు పుట్టమ్మ దిగులు రెట్టింపైంది. వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టింది. మూడోది కుక్కను పెంచే లోకేశ్ ఇల్లు. అయిదోది పాడుబడిన ఇల్లు, అక్కడ పాములు. ఏడోది సరిగ్గా బస్సులు, టెంపోలు పోయే రోడ్డు మీద. తల్లి నోట కరుచుకొని నాలుగుసార్లు ఆ రోడ్డు దాటాలి.

ఆమెకు ఎవరు ఇల్లు విడిచినా ఇంతే. చింతామణి సంతకు పోయే కొడుకును కూడా వీధి చివరిదాకా సాగనంపుతుంది. "పోతాండా" అంటే ఒప్పుకోదు. వెనక్కి పిలిచి "పోయొస్తా" అనిపించి పంపుతుంది. బూది ఆ మాట అనకుండా పోయింది.

అయితే ఇది పైకి చెప్పే దిగులు, అసలు దిగులు ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందు రోజు సాయంత్రం ఆమె చూసింది. బూది నోట్లో చచ్చిన ఎలుకతో గడప దగ్గరికి వచ్చింది. చెవులు వెనక్కి వాలాయి. సబ్బుపెట్టె, "కాళ్ళు కడుక్కొని రా!" అని కసిరింది. బూది ఆగి, పుట్టమ్మ ముఖం వైపు ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి పోయింది.

పదకొండేళ్ళ కిందట ఆమె భర్త కూడా అట్లాగే చూశాడు. తోట నుంచి హిప్పు ఆకు మోపు నెత్తిన పెట్టుకొని వచ్చాడు. అలిసిపోయి గడప మీద కాలు పెట్టబోయాడు. "కాళ్ళు కడుక్కొని రా," అని కసిరింది. ఆయన ఆమె ముఖం వైపు ఒక్కసారి చూసి, మోపు దించి తొట్టి దగ్గరికి పోయాడు. చెంబు కింద పడిన చప్పుడు విని ఈమె పోయేసరికి అక్కడే ఒరిగిపోయి ఉన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళ సంసారంలో ఆయనతో అన్న ఆఖరి మాట అది. పిల్లిని కూడా ఆ మాటే గెంటేసిందని ఆమెకు నమ్మకం కుదిరింది.

"నయనా, ఆ మిషన్లో మాట మార్చల్ల," అంది.

"ఏమని మార్చేది?"

పుట్టమ్మ ఈసారి ఎవరూ చెప్పకుండానే సొంత గొంతుతో మాట్లాడింది. "రా తల్లీ, రా. నువ్వేం కడుక్కోనక్కర్లేదు. పాలు పెడ్తా, లోపలికి రా."

నయన అవ్వ ముఖం వైపు ఒకసారి చూసింది. మాట మార్చి పెట్టింది.

బూది రాలేదు. మిగతా అందరూ వచ్చారు. మొదట పాల డబ్బా తీసుకుపోయే పిల్లవాడు, తర్వాత రేష్మె ఇలాఖె, అంటే పట్టుశాఖ నుంచి పురుగులు చూడడానికి వచ్చిన సునీల్‌కుమార్. ఆయన గడప ముందు ఆగి, మిషను పిలుపు పూర్తిగా విని, గంభీరంగా, "నేను పాలు తాగనమ్మా, కాఫీ అయితే తాగుతా," అన్నాడు. పిళ్ళప్పైతే ఆ పూట నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి గడప మీద కూర్చునే పోయాడు.

"నలభై ఏండ్లుగా వస్తాండా వదినా. నీ నోట 'తల్లీ' అని పిలిపించుకోవాలంటే మిషను రావల్సి వచ్చె."

"నిన్ను గాదప్పా పిలిచేది."

"పిలుస్తాండాది గదా. విను. పాలేవీ?"

కొడుకు మునినారాయణ ఆకు కోసుకొని వచ్చేసరికి గది నేల మీద మూడు రకాల బురద పాదాల గుర్తులున్నాయి. అతను మంచివాడే, అయినా పురుగులు నాలుగో జ్వరం లేచిన రోజుల్లో ఎవరి మంచితనమూ నిలవదు.

"అమ్మా, ఏమిటికి ఇది? పురుగులు చచ్చిపోతే వాటికి కూడా పాలు పోసి రా తల్లీ అంటావా?"

సబ్బుపెట్టెలో గొంతు పలికే తీగ ఒక్క లాగు లాగాడు. మిషను మూగదైంది. పెట్టెలోని చిన్న ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. పుట్టమ్మ మళ్ళీ తొట్టి పక్కన కూర్చుంది. కానీ పాత మాట నోట రాలేదు. ఎవరైనా వస్తే కాళ్ళ వైపు చూసి, తొట్టి వైపు చూపించేది. నూటపదకొండు సార్లు వచ్చే మాట ఆ రోజు ఒక్కసారి కూడా రాలేదని నయన గమనించింది గానీ, పిల్లి మీద బెంగ అనుకుంది.

మరునాడు పొద్దున కింది తట్టలో పురుగులు కొన్ని తగ్గాయి. తట్ట అంచు కొరికి ఉంది. మునినారాయణ ఎలుకల బోను తేవడానికి పోయాడు. మిషను నోరు మూసినా బూది రాలేదంటే, విన్న మాట మరిచిపోలేదన్న మాటే అనుకుంది పుట్టమ్మ. పిల్లి అటక మీద నుంచి మూడో ఇంటికి కూడా పోలేదు, అక్కడే ఉంది. అది ఏడిళ్ళ తిరుగుడు కాదు. అలిగిన వాళ్ళు పక్కింట్లో కూర్చోవడం.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. పుట్టమ్మ విసనకర్రతో గడప దగ్గర కూర్చొని ఉండగా, గోడ దిగి బూది వచ్చింది. తోక నిలువుగా ఎత్తి, తన ఇంట్లోకి తాను వచ్చినట్టు గడప దాటి, గంప వాసన చూసి, పుట్టమ్మ కాలికి ఒళ్ళు రాసుకుంది. పాలు తాగింది. గంపలో చుట్టుకొని పడుకుంది. పుట్టమ్మ ఊపిరి కూడా మెల్లగా వదిలింది. విసనకర్ర ఊపితే ఏమనుకుంటుందోనని చెమటలు కారుతున్నా ఊపలేదు.

మూడున్నరకు కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, సబ్బుపెట్టెలో ఎర్ర దీపం వెలిగింది. బూది చెవులు వెనక్కి వాలాయి. తలను ఒకసారి విదిలించి, ఒక్క దూకులో బయటికి.

పుట్టమ్మ కదలకుండా ఆలోచించింది. తాను నోరు తెరవలేదు. మిషనూ నోరు తెరవలేదు. మరి ఏం విన్నది ఈ పిల్లి?

కరెంటు స్విచ్చులంటే ఆమెకు చచ్చేంత భయం. అయినా కొంగుతో చెయ్యి చుట్టుకొని, పొడి గోనెసంచి పరిచి దాని మీద నిలబడి, మిషనుకు పోయే స్విచ్చు ఒక్కటే ఆపింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పాల గిన్నె చప్పుడు చేసి కూర్చుంది. కాసేపటికి బూది వచ్చింది. పుట్టమ్మ లేచి స్విచ్చు వేసింది. బూది పోయింది. ఆపింది. వచ్చింది. వేసింది. పోయింది. రెండు అడుగులు ముందుకు, మూడు వెనక్కి నడిచి నడిచి పిల్లికే విసుగొచ్చింది.

గోడ మీది నుంచి పిళ్ళప్ప చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. "ఏం వదినా, పిల్లికి బటను కనిపెట్టినావా?"

పుట్టమ్మ ఇంట్లోకి పోయి, పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతున్న మనవరాలిని తట్టి లేపింది.

"నయనా, ఆ పెట్టె ఏదో శబ్దం పంపిస్తాదన్యావే. ఎవురికీ వినపడనిది."

"ఊ."

"బూదికి వినపడతాండాది."

నయన నవ్వడానికి నోరు తెరిచి, సగంలో మూసింది. ఫోను తీసింది. ఏదో చదివింది. ఇంకేదో చదివింది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"అవ్వా, అది సెకనుకు నలభై వేలసార్లు అదిరే శబ్దం. మన చెవి ఇరవై వేల దగ్గరే ఆగిపోతాది. పిల్లికి అరవై వేలు దాటినా వినపడతాదంట. కుక్కలక్కూడా కొన్నిటికి వినపడొచ్చంట. ఈ మిషను సెకనుకు పదిసార్లు కొడతాండాది. మూడు దినాలుగా దాని చెవి కాడ."

"పొద్దస్తమానం?"

"రాత్రీ పగలూ. పిల్లల చెవులు కూడా అప్పుడే తెరుచుకుంటాండె."

"మూడేండ్లు చదివితివి. పిల్లికి చెవులుండేది చెప్పలేదా మీ కాలేజీలో?"

"మా సిలబస్‌లో పిల్లి లేదవ్వా."

పుట్టమ్మ, "మరి ఎలుకలకు?" అంది.

"వాటికీ వినపడతాది. అలవాటు పడినట్లుండాయి."

"బూదికి మానముండాది. వాటికి లేదు." తర్వాత, ఎటో చూస్తూ, చాలా మామూలుగా అడిగినట్టు అడిగింది. "అయితే అది నా మాటకు పోలేదంటావు."

"నీ మాటకా?" అంది నయన. "అది కండ్లు తెరిచినప్పట్నుంచీ దినానికి నూటపదకొండు సార్లు వింటాండాది గదవ్వా. నీ మాటకు పోయే మాదిరుంటే ఈ ఊళ్ళో మనిషే మిగలడు. మేమందరం ఉండాం గదా."

పుట్టమ్మ లేచి తొట్టి దగ్గరికి పోయింది. చెంబుతో నీళ్ళు ముంచుకొని, అవసరం లేకపోయినా, రెండు కాళ్ళు మెల్లగా కడుక్కుంది. చెంబు చప్పుడు కాకుండా కింద పెట్టింది. ఆమె అక్కడ అంతసేపు ఎందుకు నిలబడిందో నయన అడగలేదు. తనకు వేరే పని పడింది.

రెండు వెండి గుండ్లనూ ఊడబెరికి, తన డబ్బాలోంచి తెల్లని బుడిపె ఒకటి తీసింది. ఇది దేన్నీ పంపదు, దగ్గరికొచ్చే జీవి ఒంటి వేడిని కనిపెట్టి ఊరుకుంటుంది. దీనికి దూరం కొలవడం రాదు కాబట్టే ముందు పెట్టలేదు. ఇప్పుడు వాకిట్లో నడిచే కోడికి కూడా మిషను కాళ్ళు కడుక్కోమంటుంది.

"అననీ," అంది పుట్టమ్మ. "కోడి కాళ్ళేం శుభ్రంగా ఉండాయా?"

"తియ్యగా పిలిచేది పెట్టేదా అవ్వా? రా తల్లీ అనేది?"

గోడ అవతల నుంచి పిళ్ళప్ప, "అదే పెట్టమ్మా, అదే బాగుండాది," అన్నాడు.

"వద్దు," అంది పుట్టమ్మ. "ఆ పాత మాటే పెట్టు."

మునినారాయణ లాగిన తీగను మళ్ళీ కలిపి, పెట్టెను బిగించి స్విచ్చు వేశారు. ఎర్ర దీపం వెలిగింది. పుట్టమ్మ అటక వైపు చూస్తూ తొట్టి పక్కన కూర్చుంది. ఎండ గోడ దిగింది. మునినారాయణ బోనుతో వచ్చి, "అది రాదులేమ్మా," అనబోయి, అమ్మ ముఖం చూసి బోను వీపు వెనక పెట్టుకొని నిలబడ్డాడు. పిళ్ళప్ప కూడా కట్టెల మీద పడుకున్న చుట్టాలను సాగనంపే ఇంటిపెద్దలా వెనక వెనక వచ్చాడు, ఎందుకంటే ముందర బూది వస్తోంది. నోట్లో ఒక పిల్ల వేలాడుతోంది.

గోడ దిగింది. కోడిని దాటింది. చెవులు నిటారుగా ఉన్నాయి. వెనక్కి వాలలేదు. గడప ముందుకు రాగానే సబ్బుపెట్టె పుట్టమ్మ గొంతుతో ఇంటి కప్పు ఎగిరేలా అరిచింది. "కాళ్ళు కడుక్కొని రా!"

పుట్టమ్మ కూర్చున్న చోటి నుంచి సగం లేచింది.

బూది ఆగింది. పిల్లను గడప మీద జాగ్రత్తగా దించింది. కూర్చొని, ముందరి కాలు ఒకటి ఎత్తి, తీరుబడిగా నాకడం మొదలుపెట్టింది.

"కడుక్కుంటాండాది సూడు వదినా," అన్నాడు పిళ్ళప్ప. "ఈ ఊళ్ళో నీ మాట విన్నది ఇదొగటే."

పుట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. రెండు రోజులుగా మూగబోయిన గొంతు పూర్తిగా తిరిగొచ్చింది.

"ఒగ కాలే కడిగింది," అంది. "ఇంగ మూడుండాయి."

అంటూనే జరిగి, దానికి దారి వదిలింది.